తలవంపులు, నగుబాటు, మా అక్క కొత్త ఇల్లు

మా మనవరాలు ఎనిమిదో తరగతి చదువుతోంది, ఇంగ్లీషు మీడియం. సాయంత్రం అది హోంవర్కు చేసుకుంటుంటే పక్కన కూర్చోవడం నాకు అలవాటు. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగు చదవడం కూడా ఈ మధ్య వచ్చిందే. యాభై నాలుగో ఏట అక్షరాలు దిద్దాను. అది రాసుకుంటుంటే నేనూ ఒక పుస్తకం తెరుచుకుని కూర్చుంటాను. ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నట్టుందని మా కోడలు నవ్వుతుంది.

మొన్నొక రోజు అది పెన్ను కొరుకుతూ అడిగింది.

"నానమ్మా, ముఖం మీద గుడ్డు అంటే ఏంటో చెప్పు."

"ఎవరు కొట్టారే?"

"ఎవరూ కొట్టలా. ఇంగ్లీషులో అలా అంటారంట. నలుగురిలో పరువు పోతే ముఖం మీద గుడ్డు పడ్డట్టంట."

"పచ్చిదా, ఉడికిందా?"

"నానమ్మా!"

"అది కాదే. ఉడికిందైతే కింద పడిపోద్ది, తీసుకుని తినొచ్చు. పచ్చిదైతేనే కదా బాధ."

అది పడీపడీ నవ్వింది. అలాంటి అర్థం వచ్చే మాటలు సొంత భాషలో రాసుకు రమ్మని వాళ్ళ టీచరు చెప్పిందట. వాళ్ళమ్మను అడిగితే 'అవమానం' అని ఒక్కటి చెప్పి పొయ్యి మీద కూర చూసుకోవడానికి వెళ్ళిపోయిందట.

"రాసుకో," అన్నాను. "తలవంపులు. నగుబాటు. నామోషీ. చిన్నబోవడం. పరువు పోవడం. ముఖం చెల్లకపోవడం. తల కొట్టేసినట్టవడం."

"ఆగు ఆగు. ఇన్ని నీకెలా తెలుసు?"

"వాడాను కాబట్టి."

"అన్నీ ఒకటేనా?"

కాదని చెప్పాను గానీ, ఎలా కాదో దాని నోట్సులో పట్టేటట్టు చెప్పలేకపోయాను. అది నోట్సు మూసేసి ఫోను తీసుకుంది. నాకు మాత్రం ఆ మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తూ పోయాయి.

నామోషీ ముందు వచ్చేది. ఇంకా ఏమీ జరగకముందే వచ్చి పక్కన నిలబడుతుంది. నందిగామ బస్టాండులో నేను ఎక్కాల్సిన బస్సు ఏదో ఇంకొకరిని అడగడం నాకెప్పుడూ కష్టమనిపించలేదు. అందరూ అడుగుతారు. కానీ ఎవరైనా నా దగ్గరికి వచ్చి "ఈ బస్సు ఎక్కడికి పోద్దండీ?" అని అడిగితే ప్రాణం పోయేది. బోర్డు నా కళ్ళముందే ఉండేది. చదువు రాదని చెప్పడానికి నోరు రాక చెవుడు నటించేదాన్ని. ఒకసారి ఒక పెద్దావిడ నిజంగానే నాకు చెవుడనుకుని, నా చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచి మళ్ళీ అడిగింది. బస్టాండంతా మా వైపు తిరిగింది.

నగుబాటు అలా కాదు. దానికి నవ్వేవాళ్ళు కావాలి. పక్క వీధిలో ఉండే ఒకాయన ఒకనాడు స్కూటరు ఆపి, దిగకుండానే నా చేతిలో ఒక కార్డు పెట్టి, "గురువారం అండీ, మీరందరూ రావాలి," అన్నాడు. కార్డు అంచుల్లో పూలున్నాయి, బంగారు రంగు అక్షరాలున్నాయి. "శుభం అండీ. ఇంటిల్లిపాదీ వస్తాం," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "దేవుడు చల్లగా చూడాలి, ఏడాది తిరిగేలోపు ఇంట్లో చంటిపిల్ల తిరగాలి," అని కూడా అన్నాను. అది ఆయన తల్లి పెద్దకర్మ కార్డు. ఆవిడ జి.కొండూరులో కూతురి దగ్గర ఉంటూ పోయిందట, నాకు తెలియదు. ఆయన మంచివాడు, ఏమీ అనకుండా స్కూటరు ముందుకు పోనిచ్చాడు. కానీ మా పక్కింటావిడ గేటు దగ్గరే ఉంది. సాయంత్రానికి ఆ చంటిపిల్ల సంగతి వీధంతా తెలిసిపోయింది.

ఆ సాయంత్రమే మా కోడల్ని అడిగాను. "అమ్మా, నాకు అక్షరాలు చెప్తావా?"

తను బడిలో టీచరు. రోజంతా నలభై మంది పిల్లల మధ్య గొంతు అరగదీసుకుని వచ్చే మనిషి. అయినా ఎందుకని అడగలేదు. కూతురి పాత పలక వెతికి తెచ్చి, "కూర్చోండత్తయ్యా," అంది.

నేర్చుకోవడంలో నాకొచ్చిన ఇబ్బంది వినేవాళ్ళకు విచిత్రంగా ఉంటుంది. నా జ్ఞాపకశక్తే నాకు అడ్డం పడింది. చదువు రాని మనిషి అన్నిటినీ చెవితోనే పట్టుకోవాలి కదా. చెవిటికల్లులో మిరపకాయలు కోయడానికి వెళ్ళే రోజుల్లో, ఆదివారం చర్చిలో అయ్యగారు చెప్పిన ప్రసంగం మొత్తం సోమవారం సాళ్ళ మధ్య మా ముఠా వాళ్ళకు అప్పజెప్పేదాన్ని. గుడికి రాని వాళ్ళు కూడా, "అక్క చెప్తది, అది చాల్లే," అనేవాళ్ళు. అందుకే అక్షరాలు కూడుకోవడం రాగానే మా కోడలు బైబిల్లోంచి ఒక కీర్తన ఇచ్చి చదవమంటే, రెండోసారికే గడగడా చదివేశాను. తను పొంగిపోయింది. నేనూ పొంగిపోయాను. మూడోసారి తను నా కళ్ళు చూసింది.

"అత్తయ్యా, మీరు చదవట్లా. చెప్తున్నారు."

నిజమే. నా చూపు పేజీ మీద లేదు, కిటికీ మీద ఉంది.

అప్పుడు తను పాత అట్టముక్కకు ఒక కన్నం చేసింది. అందులోంచి ఒక్క మాటే కనిపిస్తుంది. ఆ అట్టను చివరి వరుస నుంచి మొదటికి జరుపుతూ చదివించేది. అలా వెనక నుంచి చదివితే ఎంత తెలిసిన కీర్తనైనా అర్థం కాదు, కాబట్టి అక్షరం చూడక తప్పదు. పాల ప్యాకెట్టు, సబ్బు మీది కాగితం, బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క, ఏది దొరికితే అది చదివించింది. విజయవాడ వెళ్తుంటే పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనిపించగానే పరిటాల వచ్చిందని అందరికీ తెలుస్తుంది. ఆయన కనిపించకముందే బోర్డు చదివి "పరిటాల" అని పైకి అనేసిన రోజున, పక్క సీట్లో కూర్చున్నాయన దిగాలేమో అనుకుని కంగారుగా లేచాడు.

ఇక తలవంపులు. ఈ మాట మిగతావాటిలాంటిది కాదు. తప్పు నీది, తల వంగేది నీవాళ్ళది. అది నాకు మా అక్క వల్ల తెలుసు.

మా అక్క నాకంటే ఐదేళ్ళు పెద్ద. తనకూ చదువు రాదు. జగ్గయ్యపేటలో ఇచ్చారు. అత్తగారింట్లో అందరికీ చదువొచ్చు. ఆడపడుచు అయితే ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి చెప్పిన టీచరు. మా వాళ్ళలో కొత్త ఇంట్లోకి వెళ్ళేటప్పుడు గడప బయట ప్రార్థన జరుగుతుంది. ఆ ఇంటి ఇల్లాలి పుట్టింటివాళ్ళు ఎవరో ఒకరు బైబిలు వాక్యం చదవాలి. చదివాకే రిబ్బను కోసి లోపలికి వెళ్తారు. చాలా ఏళ్ళ కిందట అక్కావాళ్ళు రెండు గదులు వేసుకున్నప్పుడు మా వైపు నుంచి మా నాన్న, నేను వెళ్ళాం. చదవమని పుస్తకం ఇస్తే మా నాన్న రెండు చేతులూ జోడించాడు. అప్పుడా ఆడపడుచు, "పోనీలే వదినా, మీ వైపు అక్షరం ముక్క వచ్చినోళ్ళు ఎవరున్నారు! నేను చదువుతాలే," అని పుస్తకం తీసుకుంది. ఆవిడ సాయం చేద్దామనే అని ఉంటుంది. మా అక్క మాత్రం ఆ మాటను అన్నేళ్ళూ కొంగున కట్టుకునే తిరిగింది.

ఈమధ్య అక్క కొడుకు ఆ గదులు తీసేసి డాబా వేశాడు. ప్రార్థన పదిహేను రోజుల్లో ఉందనగా అక్క ఫోను చేసింది.

"ఏందే, నీకు చదవడం వచ్చిందంటగా?"

"వచ్చింది గానీ, నెమ్మది."

"ఎంత నెమ్మది?"

"బియ్యంలో రాళ్ళు ఏరినంత."

"ఏరు, ఏం పోయింది. ఈసారి వాక్యం మావాళ్ళదే అని మా ఆడపడుచుతో చెప్పేశా."

"చెప్పేశావా! నా కోడలు చదువుద్దిలే అక్కా. టీచరు కదా, బాగుంటది."

"నీ కోడలు బంగారం, కాదనను. కానీ అమ్మ కడుపున పుట్టింది కాదు. నువ్వే చదవాలి. నా తల దించమాక," అంది.

ఏ కీర్తన చదవాలో వాళ్ళ అయ్యగారు మా కోడలికి ఫోనులో చెప్పారు. ఇంటిని గురించినది, చిన్నదే. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి చదివాను. నాలుగో రోజుకే అది నోటికొచ్చేసింది. మా కోడలు అట్టముక్క పెట్టబోతే, "వద్దులేమ్మా, ఇది తప్పులు పోకూడదు. రానీ నోటికి," అన్నాను. తను ఏదో అనబోయి ఊరుకుంది. ఆ అనబోయిన మాట వినాల్సింది.

ఆ రోజు నేను, కోడలు, మనవరాలు బస్సెక్కి చిల్లకల్లు మీదుగా వెళ్ళాం. దారంతా లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. ఇంటి ముందు షామియానా వేశారు. వంటల వాసన వీధి మలుపు దాకా వస్తోంది. అక్క కొత్త చీర కట్టుకుని గడప పక్కన నిలబడి ఉంది. నన్ను చూడగానే చుట్టూ ఉన్నవాళ్ళతో, "మా చెల్లి. వాక్యం చదివేది తనే," అంది. నేను వెళ్ళేలోపే ఎంతమందితో అందో తెలియదు.

మాకు ఫోను చేసిన అయ్యగారికి జ్వరం వచ్చిందట. ఆయన బదులు ఒక పెద్దాయన వచ్చారు. ప్రార్థన చేసి, చదవాల్సిన కీర్తన నంబరు చెప్పారు. మా బావగారు ఆ పేజీ తీసి పుస్తకం నా చేతిలో పెట్టారు. నంబరు నా చెవిన పడే ఉంటుంది. కానీ పదిహేను రోజులుగా నా నోట్లో ఒకటే కీర్తన ఉంది, ఇంకొకటి పట్టే చోటు లేదు. పుస్తకం ముఖానికి దగ్గరగా ఎత్తి పట్టుకుని మొదలుపెట్టాను.

ఎంత బాగా చదివానో! ఎక్కడా తట్టుకోలేదు. ఆగాల్సిన చోట ఆగాను, ఎత్తాల్సిన చోట గొంతు ఎత్తాను. అందరూ పుస్తకాల్లో తలలు పెట్టి చూస్తున్నారు. అంతలో కాగితాలు తిప్పుతున్న చప్పుడు మొదలైంది. ముందు ఒకరు, తర్వాత ముగ్గురు నలుగురు. పేజీ తప్పు తీశామేమో అనుకుని పాపం వాళ్ళు వెతుక్కుంటున్నారు. మా కోడలు మెల్లగా నా మోచెయ్యి ముట్టుకుంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

అప్పుడు అక్క ఆడపడుచు నవ్వింది.

"వదినా, మీ చెల్లి పుస్తకంతో పని లేకుండానే చదివేస్తంది! అయ్యగారు చెప్పింది ఒకటి, ఈవిడ చదివేది ఇంకోటి. చదువుకున్నోళ్ళం మేమే వెనకబడిపోయాం."

షామియానా కింద ఒక మూల నుంచి నవ్వు మొదలై ఈ మూలకు వచ్చింది. నేను అప్పుడు మొదటిసారి పేజీ వైపు చూశాను. అక్కడున్నది నేను చెబుతున్నది కాదు.

నా ముఖం ఏమైందో నేను చూసుకోలేదు. అక్క ముఖం చూశాను. తను కొత్త గడప మీద రాసిన పసుపు కేసి చూస్తోంది. తల వంగింది. ఎన్నో ఏళ్ళ కిందట మా నాన్న చేతులు జోడించినప్పుడు కూడా ఇలాగే వంచింది.

మా కోడలు పుస్తకం అందుకోవడానికి చెయ్యి చాపింది. ఇచ్చేస్తే అయిపోయేది. తను రెండు నిమిషాల్లో చక్కగా చదివేసేది, అందరూ భోజనాలకు లేచేవాళ్ళు. అక్క తల మాత్రం అలాగే ఉండేది. నేను పుస్తకం వదల్లేదు.

"అయ్యగారూ," అన్నాను. "నేను చదవలేదండీ. నోటికొచ్చింది చెప్పేశాను. ఇది నాకు నోటికి రాదు. చూసి చదవాలి. నాకు చదవడం వచ్చు, కానీ టైం పడుద్ది. ఉంటారా?"

పెద్దాయన అక్కడున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఉంటాం తల్లీ. ఇల్లు ఎక్కడికీ పోదు," అన్నారు.

వరుస కింద వేలు పెట్టాను. మొదటి మాట. రెండో మాట. అది ఎనిమిది వచనాల కీర్తన. ఎండ షామియానా అంచు దాటి మా కాళ్ళ మీదికి వచ్చింది. చంటిపిల్ల ఒకటి ఏడ్చి ఊరుకుంది. వంటాయన వచ్చి చేతులు తుడుచుకుంటూ చూసి, మళ్ళీ వెళ్ళిపోయాడు. నేను మూడో వచనంలో ఉన్నాను.

మా అక్కకు చదువు రాకపోయినా ఆ కీర్తన చెవికి తెలుసు. నేను ఎక్కడైనా తడుముకుంటే తట్టుకోలేక పక్క నుంచి గుసగుసగా తర్వాతి మాట అందిస్తోంది.

"నువ్వు ఊరుకో అక్కా. నేను చదవాలి," అన్నాను.

"త్వరగా చదువు మరి."

జనం మళ్ళీ నవ్వారు. ఈసారి నాకు బాధ కలగలేదు.

ఐదో వచనం మధ్యలో ఒక పెద్ద మాట వచ్చింది. దాని మొదలు దొరికింది, తర్వాత ఏమిటో దొరకడం లేదు. వేలు అక్కడే ఆగిపోయింది. అక్క నోరు తెరిచింది. అంతలో, "వదినా, అందించమాక," అని గట్టిగా వినిపించింది. అక్క ఆడపడుచు. ఆవిడ ఇప్పుడు నవ్వడం లేదు. పుస్తకం ఒళ్ళో మూసి పెట్టుకుని, ముందుకు వంగి నా వేలినే చూస్తోంది. "అందిస్తే పాడవుద్ది. తనే చదువుద్ది, ఉండండి అందరూ," అంది. ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి చెప్పిన మనిషి. ఎదురుగా ఉన్నది ఎవరైనా, వేలు పెట్టి చదువుతుంటే ఆవిడకు పిల్లే.

మూడుసార్లు వెనక్కి వెళ్ళి కూడుకున్నాను. ఆ మాట వచ్చింది. పైకి అన్నాను. ఆవిడ తల ఊపింది, బడిలో ఊపినట్టే. మిగిలిన మూడు వచనాలూ అలాగే లాక్కొచ్చాను.

రిబ్బను కోశారు. అందరూ లోపలికి వెళ్ళారు. భోజనాలు మొదలయ్యాయి.

అక్క నాతో మాట్లాడలేదు. బంతిలో అందరినీ పలకరిస్తూ తిరిగింది. నా విస్తరి దాకా వచ్చి, పక్కావిడకు పెరుగు వెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది. మా కోడలు నా వైపు చూసి, "పలావు తినండత్తయ్యా," అంది. పలావును విస్తరిలో అటూ ఇటూ జరిపాను. చదవడం వచ్చేసిందని చెప్పుకున్నది నేను, నలుగురికీ చాటుకున్నది తను. నేను ఎన్ని వచనాలు లాక్కొచ్చినా మొదట ఆ నవ్వు పుట్టిన మాట నిజమే కదా. ముఖం చెల్లకపోవడం అనే మాట అప్పుడు గుర్తొచ్చింది. లోకమంతా క్షమించినా ఒక్క మనిషి ఎదుటికి వెళ్ళలేకపోవడమే అది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. అక్క వెనకే వచ్చింది. చెంబుతో నీళ్ళు పోస్తూ అంది.

"ఒక సంగతి చెప్పనా? ముందు నువ్వు గడగడా చదివావు చూడు, అప్పుడు నాకు నమ్మకం కుదర్లా."

"ఏం నమ్మకం?"

"నీకు చదువొచ్చిందని. చిన్నప్పట్నించీ నీకు ఏదైనా ఒకసారి వింటే వస్తది. ఇది కూడా అదేలే, పోన్లే, ఎట్టోకట్ట గట్టెక్కితే చాలనుకున్నా. నువ్వు తడుముకుంటంటే అప్పుడు నమ్మా." నీళ్ళు ఇంకా పోస్తూనే ఉంది, చెయ్యి ఎప్పుడో శుభ్రమైపోయింది. "రాని మాట దగ్గర ఆగావు చూడు. నోటికొచ్చినోళ్ళు ఆగరు కదే."

"మరి బంతిలో నన్ను చూడకుండా పోయావేం?"

"చూస్తే ఏడుపొచ్చేది. కొత్తింట్లో ఏడవకూడదని మా అత్త చెప్పేది."

ఇద్దరం వసారాలోకి వచ్చేసరికి ఆడవాళ్ళందరూ చాపల మీద చేరారు. నాలుగింటికి స్త్రీల ప్రార్థన పెట్టుకున్నారు. ఎవరెవరు ఏం చేయాలో అక్క ఆడపడుచు ఒక్కొక్కరికీ చెబుతోంది.

"పాటకు వీళ్ళిద్దరూ. వాక్యం ఎవరు వదినా?"

"మావాళ్ళే," అంది అక్క. నన్ను అడగలేదు. నా వైపు చూడనైనా లేదు.

ఆవిడ గోడ గడియారం కేసి చూసింది. రెండున్నర.

"అయితే ఇప్పుడే మొదలెట్టమనండి. పొద్దు గూకేలోపు అయిపోద్ది."

అందరికంటే ముందు మా అక్క నవ్వింది, తల వెనక్కి వేసి, చెంబులో మిగిలిన నీళ్ళు కొత్త గచ్చు మీద ఒలికేటట్టు. నేను చాప మీద ఆ ఆడపడుచు పక్కన కూర్చుని, ఏ కీర్తనో ముందే చెప్పమని అడిగాను.

"చెప్పను," అంది ఆవిడ. "చెప్తే నోటికి పట్టేస్తావు."